సోడా మూతల పలక, మధ్య చక్రం

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రులు ఫోన్ చేశారు. బడి గంట, వేపచెట్టు, సార్ల బెత్తం గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను నలభై ఏళ్లు లేతు మెషిన్ల మధ్య బతికినవాణ్ని. నాకు తెలిసింది పళ్ల చక్రాల సంగతి. అందులోనూ ఒక చక్రం గురించి నేను ఈ బడికి ఒక నిజం బాకీ ఉన్నాను. ఆ బాకీ తీర్చడానికే ఈ వ్యాసం.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు మన బడి నుంచి ఏదో ఒకటి పంపాలని సైన్స్ సారు పట్టుబట్టారు. కొనడానికి డబ్బు లేదు. బస్టాండు కొట్టు ముందు రాలిపడ్డ గోల్డ్ స్పాట్ మూతలు ఏరుకొచ్చుకున్నాము. ఆ మూత అంచున ముడతలుంటాయి కదా, లెక్కపెడితే 21. అన్ని మూతలకూ అంతే. అంటే ఖర్చు లేకుండా దొరికిన 21 పళ్ల చక్రం అది. మధ్యలో మేకుతో బెజ్జం చేసి పలక మీద కొడితే, ఒక మూత ముడతలు పక్క మూత ముడతల్లో పడతాయి. ఒకదాన్ని వేలితో తిప్పితే పక్కది తిరుగుతుంది.

చూడ్డానికి అందంగా ఉంటుందని నేను మూడు మూతల్ని ముక్కోణంగా, ఒక్కొక్కటి మిగతా రెండిటినీ తాకేట్టు కొట్టాను. కదల్లేదు. నూనె పోశాను. మేకులు వదులు చేశాను. అయినా కదల్లేదు. నా బెంచి మిత్రుడు, నేతపని ఇంటి పిల్లవాడు, కాసేపు చూసి అన్నాడు: "ఇదేమో గిటు తిరుగుమంటది, అదేమో గటు తిరుగుమంటది. నడిమిట్లది ఎవలి మాట వినాలెరా?" అని ఒక మేకు పీకేసి, మూడు మూతల్నీ ఒకే వరసలో కొట్టాడు. తిరిగాయి.

వాడు చెప్పిందే అసలు సూత్రం. రెండు పళ్ల చక్రాలు తాకితే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుతాయి. వరసలో మూడు ఉంటే మొదటిది కుడికి, రెండోది ఎడమకు, మూడోది మళ్లీ కుడికి. ముక్కోణంలో ఆ మూడోది మొదటిదాన్ని కూడా తాకుతుంది. రెండూ కుడికే తిరగాలి, తాకుతున్నాయి కనుక ఎదురెదురుగానూ తిరగాలి. రెండూ ఒకేసారి కుదరవు. అందుకే బిగుసుకుపోతాయి. గుండ్రంగా గొలుసు కట్టిన చక్రాలు సరిసంఖ్యలో ఉంటే తిరుగుతాయి, బేసిసంఖ్యలో ఉంటే తిరగవు.

ఈ సూత్రం మన ఊళ్లకు పుస్తకంలో నుంచి రాలేదు. పత్తి నుంచి గింజ తీసే పాత చెక్క యంత్రం మన దేశంలో శతాబ్దాలుగా ఉంది. రెండు సన్నని రోలర్లు, వాటి చివర్లలో మెలికలుగా చెక్కిన పళ్లు. ఒక పిడి తిప్పితే రెండు రోలర్లూ ఎదురెదురుగా తిరిగి దూదిని లోపలికి లాగుతాయి, గింజ ఇవతలే రాలిపోతుంది. ఆ రెండింటి మధ్య ఇంకో చక్రం పెట్టామనుకోండి, రెండూ ఒకే వైపు తిరుగుతాయి, దూది లోపలికి పోదు. కనుక అక్కడ మధ్య చక్రం ఉండకూడదు.

చెరుకు గానుగ కూడా చూడండి. 1870లలో బీహార్‌లోని బేహియా అనే చోట థామ్సన్, మిల్నె అనే ఇద్దరు ఎద్దులతో తిరిగే ఇనుప గానుగ తయారుచేసి రైతులకు అద్దెకిచ్చారు. ఆ తరహా ఇనుప గానుగలు తరవాత దేశమంతా పాకాయి. మా మేనమామ వాళ్ల ఊళ్లో చెరువు కింద చెరుకు వేసిన ఏడు అలాంటిదే ఒకటి వచ్చేది. నిలువుగా మూడు రోలర్లు, పైన పళ్ల చక్రాలు. ఎద్దులు తిప్పే దూలం పెద్ద రోలరుకు ఉంటుంది. పెద్దది మిగతా రెండిటినీ తిప్పుతుంది. ఆ రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నా వాటి పళ్లు మాత్రం ఒకదానికొకటి తగలవు. చిన్నప్పుడు ఆ సందు ఎందుకో నాకు తెలియదు. ముక్కోణం మూతలు బిగుసుకుపోయిన రోజు తెలిసింది. అవి తగిలితే ఎద్దులు ఎంత లాగినా గానుగ కదలదు.

ఇక మన పలక దగ్గరికి వద్దాం. ప్రదర్శనకు బడికొకరే రావాలన్నారు. నేను వెళ్లాను. మిత్రుడి ఇంట్లో అది పెళ్లిళ్ల కాలం పని, మగ్గం ఆగడానికి వీల్లేదు. పలక చూసిన పరీక్షకుడు రెండే ప్రశ్నలు అడిగారు. "బాబూ, ఇది ఎవరు చేశారు?" నేనే చేశానన్నాను. "మధ్య చక్రాన్ని పెద్దది చేస్తే చివరి చక్రం వేగం తగ్గుతుందా?" తగ్గుతుందన్నాను. రెండు జవాబులూ తప్పే. అయినా నాకు ప్రోత్సాహక బహుమతిగా ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద నా పేరొక్కటే ఉంది.

రెండో ప్రశ్నకు సరైన జవాబు ఇప్పుడు చెబుతాను. మొదటి చక్రానికి 20 పళ్లు, చివరిదానికి 40 పళ్లు అనుకుందాం. రెండూ నేరుగా తాకాయి. మొదటిది 6 చుట్లు తిరిగితే 120 పళ్లు దాటతాయి. చివరిది ఆ 120 పళ్లకు 3 చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు మధ్యలో 30 పళ్ల చక్రం పెట్టండి. అదే 120 పళ్లు దానికి అందుతాయి, అది 4 చుట్లు తిరుగుతుంది, ఆ 120 పళ్లనే అవతలికి అందిస్తుంది. చివరిది మళ్లీ 3 చుట్లే. మధ్యలో 60 పళ్ల చక్రం పెడితే అది 2 చుట్లే తిరుగుతుంది, చివరిది మాత్రం అదే 3. ఇవతల ఎన్ని పళ్లు తీసుకుందో అవతల అన్నే ఇస్తుంది. దాని సొంత పళ్ల సంఖ్య లెక్కలో కొట్టివేత అయిపోతుంది. మారేది దిక్కు ఒక్కటే. ఈ మధ్య చక్రాన్నే వర్క్‌షాపుల్లో ఐడ్లర్ అంటారు. ఊరికే తిరిగేది అని అర్థం.

ఇక్కడ ఒక జాగ్రత్త. మధ్య ఇరుసు మీద ఒకే చక్రం ఉంటేనే ఈ మాట నిజం. అదే ఇరుసుకు 60 పళ్లది, 20 పళ్లది రెండు చక్రాలు కలిపి బిగించి, 60 మీద తీసుకుని 20తో ఇచ్చారనుకోండి. మొదటిది 6 చుట్లు తిరిగితే మధ్య జంట 2 చుట్లు తిరుగుతుంది, 20 పళ్ల చక్రం 40 పళ్లే అందిస్తుంది, చివరిది ఒక్క చుట్టే. వేగం మూడో వంతుకు పడిపోయింది. ఇది ఐడ్లర్ కాదు, కాంపౌండ్ గేరు. ఈ తేడా తెలియక ఇంట్లో బొమ్మ యంత్రాలు చేసేవాళ్లు చాలామంది లెక్క తప్పుతారు.

సైకిల్ చూసినా ఈ విషయం తెలుస్తుంది. పెడలు చక్రం, వెనక చక్రం ఒకే వైపు తిరుగుతాయి, మధ్యలో చైను ఉంది కనుక. చైను తీసేసి ఆ రెండు పళ్ల చక్రాల్నీ నేరుగా తాకిస్తే, ముందుకు తొక్కితే వెనక పళ్ల చక్రం వెనక్కి తిరుగుతుంది. చైను బదులు చక్రాలే పెట్టాలంటే మధ్యలో ఒకటో, మూడో, అయిదో ఉండాలి.

పదో తరగతి తరవాత నేను ఐటీఐలో చేరి, ఆ మీద హైదరాబాదు చేరాను. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్, ఆ తరవాత వచ్చిన హెచ్.ఎం.టి., 1968లో బాలానగర్‌లో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ, వీటి చుట్టూ వందల చిన్న షెడ్లు వెలిశాయి. మన నల్లగొండ, పాలమూరు పిల్లలు చాలామంది ఆ షెడ్లలోనే పని నేర్చుకున్నారు. నేనూ ఒక చిన్న షెడ్డులో చేరాను. లేతులో మర కోయాలంటే, పని తిరిగే వేగానికీ, పనిముట్టును నడిపే లీడ్ స్క్రూ వేగానికీ ఒక నిష్పత్తి కుదర్చాలి. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే లీడ్ స్క్రూతో, మార్చుకునే చక్రాలతో లేతును కచ్చితమైన యంత్రంగా తీర్చిదిద్దాడు. 6 మిల్లీమీటర్ల లీడ్ స్క్రూతో ఒకటిన్నర మిల్లీమీటరు మర కావాలంటే నిష్పత్తి నాలుగో వంతు. పైన 20, కింద 80. ఆ రెండిటికీ మధ్య ఖాళీ ఉంటుంది. దాన్ని నింపడానికి ఏ ఐడ్లరైనా పెట్టుకోవచ్చు, 50 అయినా 65 అయినా మరలో తేడా రాదు.

ఒక రాత్రి షిఫ్టులో, నాకన్నా ముందు పనిచేసినవాడు రెండు ఐడ్లర్లు పెట్టి వెళ్లాడు. వాడు కోసింది ఎడమ మర. నేను నిష్పత్తి చక్రాలు మార్చుకున్నాను కాని ఐడ్లర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు. మూరెడు కడ్డీకి మర కోసి నట్టు పెడితే ఎక్కలేదు. మేస్త్రీ వచ్చి చూసి, "నిష్పత్తి సరిగానే ఉందిరా, దిక్కు తప్పింది" అన్నాడు. మూరెడు ఇనుము, ఒక పూట కూలి పోయింది. సైజు మారకుండా పని మొత్తం తలకిందులు చేయగలిగింది ఆ ఒక్క "ఊరికే తిరిగే" చక్రం. ఆ రాత్రి నాకు ప్రదర్శనలో అడిగిన రెండో ప్రశ్న గుర్తొచ్చింది. మొదటి ప్రశ్న గుర్తు రాకుండా ఇంకా చాలా ఏళ్లు గడిచాయి.

కొన్నేళ్ల కిందట మన సంఘం సమావేశంలో ఆ మిత్రుణ్ని కలిశాను. మన ప్రాంతపు నేత కుటుంబాలు షోలాపూర్, భివండి, సూరత్ వలస వెళ్లిన సంగతి అందరికీ తెలిసిందే. వాడు భివండి పోయి మరమగ్గాల మీద మెకానిక్కు అయ్యాడు. మరమగ్గంలో కింది షాఫ్టు పై షాఫ్టులో సగం వేగంతో తిరగాలి, ఎందుకంటే నాడెను ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి కొట్టాలి. నేసిన గుడ్డను చుట్టుకునే భాగంలో ఏడు చక్రాల వరస ఉండే మగ్గాలున్నాయి. అందులో ఒక చక్రానికి ఒక పన్ను పెంచితే అంగుళానికి ఒక పేక పోగు పెరుగుతుంది. బడి లెక్కల్లో ముప్పై అయిదు మార్కులకు తంటాలు పడ్డ వాడు ఇవన్నీ వేళ్ల మీద చెబుతుంటే నేను నోరు తెరుచుకు విన్నాను.

నేను ఐడ్లర్ అన్నప్పుడు వాడు ఆపాడు. "మా మిల్లులల్ల దాన్ని ఐడ్లర్ అనరు. క్యారియర్ అంటరు. మోసేది అన్నట్టు. ఎందుకంటవా? అన్నిటికన్న ముందు అరిగేది గదే."

నేను నలభై ఏళ్లుగా వాడిన మాట ఒకటి, వాడు వాడిన మాట ఇంకొకటి. చక్రం ఒకటే. ఇంటికొచ్చి కాగితం మీద గీసుకున్నాను. మిత్రుడి మాటే సరైంది. వరసలో ఉన్న మూడు చక్రాల్లో మధ్యదాన్ని ఒక పక్క నడిపే చక్రం తోస్తుంది, రెండో పక్క నడిచే చక్రం అడ్డుకుంటుంది. ఈ రెండు బలాలూ మధ్య ఇరుసు మీద ఒకే వైపు పడతాయి. అంటే చివరి చక్రాల ఇరుసులు ఒక్కొక్కటి మోసే పళ్ల ఒత్తిడికి ఇది రెట్టింపు మోస్తుంది. మామూలు చక్రం పన్ను ఎప్పుడూ ఒకే వైపుకు వంగుతుంది. మధ్య చక్రం పన్ను మాత్రం ఒక్క చుట్టులోనే ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తొందరగా తెగినట్టే ఇదీను. అందుకే గేర్ల డిజైన్ పద్ధతిలో ఐడ్లర్ పళ్లు మోయగల వంపు బలాన్ని మామూలు చక్రంలో 70 శాతంగానే లెక్కిస్తారు. వేగం లెక్కలో కనిపించదు. బరువు లెక్కలో మాత్రం దానిదే పెద్ద పద్దు.

మిత్రుడు ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు. వాళ్ల అమ్మ ఆసు పోసేది. పోచంపల్లి, పుట్టపాక చీరలు చూసినవాళ్లు చిటికి రంగుల గురించి, నేసిన చేతుల గురించి మాట్లాడతారు. మగ్గం ఎక్కకముందు పేక నూలును అర్ధచంద్రంగా పాతిన మేకుల చుట్టూ ఒక్కొక్క పోగే తిప్పి పోయాలి. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని చేసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. నాలుగైదు గంటల పని, భుజం పోతుంది. చీర ధరలో ఆ భుజానికి విడిగా పద్దు ఉండదు.

ఆ పద్దును పట్టించుకున్న మనిషి మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే పుట్టాడు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి చదువు మధ్యలో ఆపేసినవారు. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టారు. ఒక్కొక్క కదలికా విడివిడిగా సాధిస్తూ వచ్చారు. చివరి చిక్కు మాత్రం విడలేదు. బాలానగర్‌లో ఒక పని మీద వెళ్లినప్పుడు అక్కడి యంత్రమొకటి కదిలే తీరు చూసి ఆ చిక్కు విప్పుకున్నారు. 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరు మీద లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. ఆ యంత్రంలో మధ్య చక్రం ఉందని నేను చెప్పడం లేదు. మధ్యలో నిలబడి బరువు మోసే పనిని ఆయన చూశారని చెబుతున్నాను. మేము బాలానగర్ షెడ్లలో అలాంటి యంత్రాలతోనే రోజంతా గడిపాము. మాలో ఎవరికీ ఆసు పోసే చేయి గుర్తుకు రాలేదు.

ఆ సమావేశం సాయంత్రం మిత్రుడితో సర్టిఫికెట్ సంగతి చెప్పాను. "ఎవరు చేశారని అడిగితే నేనే అన్నారా" అన్నాను. వాడు నవ్వి, "నాకు అప్పుడే తెల్సు. సారు చెప్పిండు" అన్నాడు. ఇన్నేళ్లూ ఆ మాట ఎత్తలేదు. సంచికలో నీ పేరు రాస్తానంటే వద్దన్నాడు. "పేరెందుకు, మేకు పీకింది ఎవరో రాయి చాలు" అన్నాడు. కనుక రాస్తున్నాను. ఆ మేకు పీకింది నేను కాదు. పలక తిరిగింది వాడి వల్ల. ఆ సర్టిఫికెట్ నకలు ఒకటి, ఈ మాట రాసిన కాగితంతో కలిపి సంఘం కార్యదర్శికి ఇచ్చాను.

మన సంఘానికి నాదొక చిన్న మనవి. బడి సైన్స్ గదికి ఇలాంటి పలక ఒకటి చేసి ఇద్దాం. ఖర్చు ఏమీ లేదు. ఒక మెత్తని చెక్క, సన్న మేకులు, 21 ముడతల సోడా మూతలు ఒక డజను. బెజ్జం సరిగ్గా మధ్యలో పడాలి, లేకపోతే ఒక పక్క బిగుసుకుని ఒక పక్క జారుతుంది. ముడతలు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా దిగకుండా కాస్త వదులు ఉంచాలి. మేకు తలకు, మూతకు మధ్య కాగితమంత సందు ఉండాలి. పెద్ద చక్రం కావాలంటే అట్టపెట్టె ముడతల అట్టను ఒక పక్క కాగితం ఒలిచి డబ్బా మూత చుట్టూ అంటించాలి. ఈ ముడతల ఎడం సోడా మూత ముడతల ఎడంతో కలవదు కనుక, ఒక వరసలో ఉండే చక్రాలన్నీ అదే అట్టతో చేయాలి. ప్రతి చక్రం మీద సున్నంతో ఒక గీత గీస్తే పిల్లలే చుట్లు లెక్కపెట్టుకుంటారు.

పలక మీద మొదట వరసలో మూడు మూతలు, పక్కన ముక్కోణంగా మూడు మూతలు కొట్టండి. ముక్కోణం ఎందుకు తిరగదో పిల్లల్నే అడగండి. వెంటనే చెప్పకండి. తరవాత మధ్య చక్రం మార్చి చివరి చక్రం చుట్లు లెక్కపెట్టమనండి. చివరగా, వారం రోజులు తిప్పాక ఏ మేకు దగ్గర బెజ్జం ఎక్కువ అరిగిందో చూడమనండి.

ప్రదర్శనకు పంపేటప్పుడు మాత్రం చేసినవాళ్లందరి పేర్లూ పలక వెనక రాయించండి. పనివేళల వల్ల రాలేకపోయిన పిల్లవాడి పేరు అందరికన్నా ముందు రాయించండి.

సంఘం మిత్రులందరికీ స్వర్ణోత్సవ శుభాకాంక్షలు.